సభ పలికిన పాట

గ్రామఫోను రికార్డులు తయారుచేయువారికి బహుకాలముగా ఒక నియమము ఉండెడిది. గాయకుని గొంతు, వాద్యముల ధ్వని తప్ప మరే చప్పుడును రికార్డులో చేరరాదు. దగ్గు, కుర్చీ కదలిక, తలుపు కిర్రుమనుట, ఇవన్నియు దోషములే. రేడియో స్టూడియోలోను ఇదే పద్ధతి. గోడలకు శబ్దమును పీల్చుకొను పలకలు బిగించి, వాకిటిమీద ఎఱ్ఱదీపము వెలిగించి, గాయకుని మైక్రోఫోను ఎదుట కూర్చుండబెట్టుదుము. పాట నిర్మలముగా శ్రోతల యిండ్లకు చేరును. అందుకు మేము సంతోషింతుము. అయితే సభలో ఎదుట కూర్చున్నవాని తల ఊపు, వాని నోట వెలువడిన చిన్న "ఆహా" గాయకుని తరువాతి స్వరమును మార్చునని మాకు తెలియనిది కాదు. స్టూడియోలో ఆ మనిషి లేడు.

సభలో శ్రోత పాత్ర ఏపాటిది? అతడు పుచ్చుకొనువాడు మాత్రమేనా, లేక పాటలో వానికిని వంతు గలదా? ఇరువదవ శతాబ్దపు సంగీతచరిత్రలో ఈ ప్రశ్నకు గట్టిగా సమాధానము చెప్పినవారిలో అమెరికాలోని నల్లజాతి ప్రేక్షకులు ముఖ్యులు. వారు అభిమానించిన గాయకులలో జేమ్స్ బ్రౌన్ ఒకడు. ఫంక్ అను సంగీతరీతికి మూలపురుషుడని పేరొందిన ఈయన సభలలో రెండింటిని గూర్చి యిచట ముచ్చటింపదలచినాము. ఒకటి 1962 అక్టోబరు 24వ తేదీన న్యూయార్కులో జరిగినది. రెండవది 1968 ఏప్రిల్ 5వ తేదీన బోస్టను నగరములో జరిగినది. మొదటి రాత్రి అభిమానుల కేకలు రికార్డులోనికి ఎక్కినవి. రెండవ రాత్రి అభిమానులను ఇండ్లలోనే ఉంచుటకై సభనే ప్రసారము చేసినారు. మా వృత్తికి ఈ రెండు రాత్రులును పాఠములు.

జేమ్స్ బ్రౌన్ 1933 మే 3వ తేదీన దక్షిణ కరోలినా రాష్ట్రములోని బార్న్‌వెల్ వద్ద నిరుపేద కుటుంబమున జన్మించినాడు. పసితనముననే తల్లి యిల్లు విడిచిపోయినది. జార్జియా రాష్ట్రములోని అగస్టా పట్టణమున అత్త వరుస బంధువురాలి పంచన పెరిగినాడు. బూట్లకు మెరుగుపెట్టియు, సైనికుల ఎదుట వీధిలో చిందులు వేసియు చిల్లర సంపాదించెడివాడు. పదునారవయేట దొంగతనపు నేరముపై జైలుకు పోయినాడు. విడుదలయైన వానిని టొకోవా అను చిన్న ఊరిలో బాబీ బర్డ్ అను యువకుని కుటుంబము ఆదరించినది. బర్డ్ నడుపుచుండిన గానబృందములో బ్రౌన్ చేరినాడు. ఆ బృందమే "ఫేమస్ ఫ్లేమ్స్" అను పేర ప్రసిద్ధికెక్కినది. సిన్సినాటి నగరములోని కింగ్ రికార్డు కంపెనీ తన అనుబంధ శాఖ ద్వారా 1956లో వీరి మొదటి రికార్డు "ప్లీజ్, ప్లీజ్, ప్లీజ్" ను వెలువరించినది. ఒక్క ప్రార్థనాపదమును పదేపదే ఉచ్చరించుచు, ఉచ్చారణ నిండ దుఃఖమును నింపిన పాట అది.

ఆ పద్ధతి ఎక్కడిది? నల్లజాతివారి ప్రార్థనామందిరముల నుండి వచ్చినది. అచట బోధకుడు ఒక మాట అనగానే సభ దానికి బదులు పలుకును. బోధకుడు స్వరము పెంచిన కొలది సభయు పెంచును. పలుకని సభ ఎదుట బోధకుడు ముందుకు సాగలేడు. ఈ సంగతి మన తెలుగువారికి సుబోధమే. బుఱ్ఱకథలో కథకుడు ఒక చరణము విసరినంతనే వంతలిద్దరును అందుకొందురు. పౌరాణిక నాటకములలో పద్యము ముగియగనే "వన్స్ మోర్" అని అరచి, చనిపోయిన పాత్రను సైతము లేపి మరల పాడించుకొన్న ప్రేక్షకులు మన ఊళ్ళలో ఉండిరి. బ్రౌన్ సభలోని ప్రేక్షకులు వంతలును, వన్స్ మోర్ వారును కలసినట్టివారు. పాటలో వారికి వంతు కలదని వారికి తెలియును. గాయకునికిని తెలియును.

ఆ రోజులలో నల్లజాతి కళాకారులకు దేశమంతటి రంగస్థలములును తెరచియుండలేదు. వారు పాడుటకు కొన్ని నగరములలో కొన్ని థియేటర్లు ఉండెడివి. వాషింగ్టనులో హోవార్డు, షికాగోలో రీగల్, బాల్టిమోరులో రాయల్, న్యూయార్కులోని హార్లెమ్ పేటలో అపోలో అట్టివి. వీనిలో అపోలోకు గల గౌరవము మరి దేనికిని లేదు. నూట యిరువదియైదవ వీధిలోని ఆ భవనము 1914లో కట్టబడినది. తొలుత నల్లజాతి ప్రేక్షకులకు ప్రవేశము లేదు. 1934 నుండి అది వారి రంగస్థలమైనది. ఆ సంవత్సరముననే అచట బుధవారపు ఔత్సాహికుల పోటీలో పదునేడేండ్ల ఎల్లా ఫిట్జెరాల్డ్ నెగ్గి, గాయనిగా జీవితము ప్రారంభించినది. అపోలోలో సీట్లు సుమారు 1500. ప్రేక్షకులు నిర్దాక్షిణ్యులని ప్రతీతి. నచ్చని గాయకుని అరచి దింపివేయుదురు. నచ్చినవానిని విడువరు.

బ్రౌన్ సభకు వచ్చిన అభిమాని ఏమి చూచెడివాడు? మొదట బృందము వాయించును. పిమ్మట వ్యాఖ్యాత వచ్చి గాయకుని బిరుదములను, అతని పాటల పేర్లను ఒక్కొక్కటిగా చదువును. ఒక్కొక్క పేరు చదివినంతనే వాద్యములన్నియు ఒక్క దెబ్బ కొట్టును. మరుసటి పేరునకు ఆ దెబ్బ స్వరములో కొంచెము పైకి జరుగును. ఈ విధముగా మెట్లు ఎక్కించి, గాయకుడు అడుగుపెట్టు వేళకు సభను శిఖరముపై నిలుపుదురు. అపుడు బ్రౌన్ ఒంటికాలిపై జారుచు వచ్చును. కాళ్ళు రెండువైపులకు చాపి నేలకు వ్రాలి, దారము పట్టి లాగినట్లు తటాలున లేచును. మైక్రోఫోను స్తంభమును ముందుకు నెట్టి, అది నేలను తాకకమునుపే త్రాటితో వెనుకకు గుంజును. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకొనును.

చివరకు అందరును ఎదురుచూచు ఘట్టము వచ్చును. పాడుచు పాడుచు ఆయన మోకాళ్ళపై కూలును. ఒక సహచరుడు వచ్చి ఆయన భుజములపై పొడవైన ఉత్తరీయము వంటి వస్త్రమును కప్పి, ఓదార్చుచు తెరచాటునకు నడిపించును. నాలుగడుగులు వేయగనే ఆయన ఆ వస్త్రమును విదిలించుకొని మరల మైక్రోఫోను వద్దకు వచ్చి పడును. ఇట్లు రెండు మూడు మారులు జరుగును. బహుకాలము ఈ వస్త్రము కప్పిన వ్యాఖ్యాత డానీ రే. ఇది ముందుగా కుదుర్చుకొన్న నటనయే అని సభలోని పిల్లలకు సైతము తెలియును. అయినను ప్రతి మారును కేకలు మిన్నుముట్టును. హరికథలో లంకాదహనము జరుగునని తెలియక ఎవరును వినుటకు పోరు. తెలిసిన కథ తన కండ్లయెదుట మరల జరుగుట, తనకొరకు జరుగుట, అదియే శ్రోతకు కావలసినది. అభిమానియు అందుకే టిక్కెట్టు కొనును.

1962 నాటికి బ్రౌన్ సభలు నిండుచుండినవి. రికార్డులు మాత్రము సభలోని వేడిని చూపలేకపోయినవి. స్టూడియోలో పాడిన మూడు నిముషముల పాట విన్నవారికి ఆయన మంచి గాయకుడనిపించును. సభ చూచినవారు చెప్పు మాట వేరు. అందుచేత సభనే రికార్డు చేయవలెనని బ్రౌన్ తలచినాడు. కింగ్ కంపెనీ యజమాని సిడ్ నేథన్ ససేమిరా అన్నాడు. కొత్త పాటలు లేవు; ఇదివరకు అమ్మినవానినే, అందును కేకల నడుమ, మరల ఎవరు కొందురని ఆయన వాదము. వ్యాపారి దృష్టిలో అది అసంగతము కాదు. అభిమాని కేక ఆయన లెక్కలో దోషము. బ్రౌన్ లెక్కలో అది సరకు. ఎవరి లెక్క సరియైనదో తేల్చుటకు బ్రౌన్ తన సొంత సొమ్ము పెట్టినాడు. ఆ మొత్తము సుమారు 5,700 డాలర్లని చెప్పుదురు. ఆనాటికి అది చిన్న మొత్తము కాదు.

అక్టోబరు 24, బుధవారము. ఆ ఉదయముననే క్యూబా దీవి చుట్టును అమెరికా నౌకాదళపు దిగ్బంధము అమలులోనికి వచ్చినది. అణుయుద్ధము నేడో రేపో అని లోకమంతయు ఊపిరి బిగబట్టిన వారము అది. హార్లెమ్ వాసులు ఆ రాత్రి అపోలోకు పోవుట మానలేదు. రంగస్థలముపైననే గాక ప్రేక్షకుల వైపునకును మైక్రోఫోనులు అమర్చబడినవి. ఒక వృద్ధురాలు మైక్రోఫోనుకు చేరువగా కూర్చుండి, పాట మధ్య మధ్య పెద్దగా అరచుచు, నడుమ ఒక తిట్టుమాట కూడ జోడించినదని బ్రౌన్ తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. మొదట రికార్డు చేయువారు కంగారుపడినారట. వినగా వినగా, ఆమె కేకకు చుట్టుప్రక్కలవారు నవ్వుట, ఆ నవ్వుతో సభ మరింత కదలుట వారికి తెలిసివచ్చినదట. దోషమనుకొన్నది ప్రాణమైనది.

ఆ రికార్డులో "లాస్ట్ సమ్‌వన్" అను పాట పదినిముషములకు పైబడి సాగును. స్టూడియోలో పాడినపుడు అది నాలుగు నిముషములైనను లేదు. మిగిలిన కాలమంతయు సభ యిచ్చినది. గాయకుడు గొంతు తగ్గించి, ఒక చిన్న మాటను మెల్లగా అనును. సభలో ఎక్కడనో ఒక స్త్రీ కేక వేయును. ఆయన ఆ కేకను విని, అదే మాటను మరొక విధముగా అనును. ఈ మారు పలువురు బదులు పలుకుదురు. వెనుక వాద్యములు రెండే స్వరముల నడుమ ఊయల ఊగుచుండును. వినువానికి కొంతసేపటికి ఎవరు పాడుచున్నారో, ఎవరు వినుచున్నారో విడదీయుట కష్టమగును. ఒక గది నిండ ఉన్న మనుష్యుల ఏకాగ్రతను చెవితో కొలువగల అవకాశము ఇంత స్పష్టముగా ఇచ్చిన రికార్డులు మిక్కిలి తక్కువ.

రికార్డు 1963లో బయటికి వచ్చినది. అటుపిమ్మట జరిగినదానిలో రేడియోకును వంతు కలదు. సాధారణముగా స్టేషనువారు రికార్డు నుండి ఒక పాటను మాత్రము వేయుదురు. ఈ రికార్డును శ్రోతలు అట్లు కోరలేదు. నల్లజాతి శ్రోతలకొరకు నడచు స్టేషనులలో ఒక ప్రక్కనంతటిని ఆపకుండ వేసి, తరువాత రెండవ ప్రక్కను వేయు ఆచారము ఏర్పడినది. రెండు ప్రక్కలును కలిపి అరగంటకు కొంచెము మించును. అపోలోకు పోజాలని ఊళ్ళలో, వంటయింటి బల్లమీది రేడియో ముందు కూర్చున్న కుటుంబములు ఆ అరగంటసేపు హార్లెమ్ సభలో కూర్చున్నవి. దేశమంతటి రికార్డు అమ్మకముల పట్టికలో ఈ రికార్డు రెండవ స్థానమునకు ఎగబ్రాకి, ఆ పట్టికలో 66 వారములు నిలిచినది. నేథన్ లెక్క తప్పినది. 2004లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము దీనిని జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చి భద్రపరచినది. ఆ వృద్ధురాలి కేకయు, పేరు తెలియని హార్లెమ్ వాసుల కేకలును దానితోపాటు జాతీయ సంపదలో చేరినవి.

తరువాతి అయిదేండ్లలో బ్రౌన్ సంగీతము రూపు మార్చుకొన్నది. 1965లో "పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్", 1967లో "కోల్డ్ స్వెట్" వెలువడినవి. ఈ రెండవదానితోనే ఫంక్ రూపుదిద్దుకొన్నదని సంగీతచరిత్రకారులు పలువురు ఎన్నుదురు. దీని రహస్యమును మన పరిభాషలో చెప్పవలెనన్న, బరువంతయు సమముపై వేయుట. పాశ్చాత్య జనరంజక సంగీతములో నాలుగు దెబ్బల ఆవర్తములో రెండవ, నాలుగవ దెబ్బలకు ఊనిక ఇచ్చుట వాడుక. బ్రౌన్ మొదటి దెబ్బను పట్టుకొన్నాడు. దానిమీద అందరును కలియవలెను. తక్కిన చోట్ల ఎవరి నడక వారిది. గిటారును జిమ్మీ నోలెన్ తంత్రులు పూర్తిగా మ్రోగనీయక గీకినట్లు వాయించెడివాడు. మేసియో పార్కరు మొదలగువారి శాక్సఫోనులు చిన్న చిన్న ముక్కలుగా పలికెడివి. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్, జాబో స్టార్క్స్ అను మృదంగ సమానులైన డ్రమ్ము వాద్యకారులు ఇరువురు. వాద్యములన్నియు తాళవాద్యములైనవి. రాగము కంటె లయ ముఖ్యమైనది. రాగము చెవిని పట్టును. లయ ఒడలిని పట్టును. కుర్చీలో కదలక కూర్చుండి వినదగిన సంగీతము కాదది. అభిమాని వంతు కేక నుండి కాళ్ళకు దిగినది.

ఈ క్రమశిక్షణకు వెల కూడ ఉండెడిది. ఒక స్వరము తప్పినను, బూట్లు మెరయకున్నను వాద్యకారులకు బ్రౌన్ జుల్మానా వేసెడివాడు. నాట్యమాడుచునే వేళ్ళు చూపి, ఎంత జుల్మానాయో తెలిపెడివాడు. సభకు అది నాట్యములో భాగముగా తోచెడిది. వేళ్ళ లెక్క ఎవరికి తగులవలెనో వారికి తగిలెడిది. 1970లో పాత బృందములో పెక్కుమంది విడిచిపోవుటకు ఇట్టి కాఠిన్యము కారణములలో ఒకటి.

ఇక రెండవ రాత్రికి వత్తము. 1968 ఏప్రిల్ 4వ తేదీ సాయంకాలము మెంఫిస్ నగరములో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగినది. వార్త రేడియోలలోను, టెలివిజనులోను క్షణములలో ప్రాకినది. నూటికి పైగా నగరములలో అల్లరులు చెలరేగినవి. వాషింగ్టను, షికాగో, బాల్టిమోరులలో వీధులు తగులబడి, సైన్యమును దింపవలసివచ్చినది. బోస్టనులోని రాక్స్‌బరీ పేటలోను ఆ రాత్రి కలత కలిగినది. మరుసటి రాత్రి ఆ నగరములోనే, సుమారు 14,000 మంది పట్టు బోస్టన్ గార్డెన్ అను మందిరములో బ్రౌన్ సభ ఏర్పాటై యుండెను.

మేయరు కెవిన్ వైట్ అధికారము చేపట్టి మూడు మాసములైనది. వయస్సు ముప్పదియెనిమిది. సభను రద్దు చేయుటయే క్షేమమని తొలుత తోచినది. నగరసభలోని ఏకైక నల్లజాతి సభ్యుడు టామ్ ఆట్కిన్స్ అందులోని అపాయమును ఎత్తిచూపినాడు. టిక్కెట్లు కొన్న వేలకొలది యువకులు నగరమధ్యమునకు వచ్చి, మూసిన తలుపులను చూతురు. కింగ్ మరణించిన మరునాడు వారి గాయకుని కూడ వారికి దక్కనీయలేదన్న కోపము తోడగును. సభ జరుగవలెను, అయితే జనము గుమికూడరాదు. ఈ రెండును పొసగుటకు ఒకటే దారి కనిపించినది. సభను టెలివిజనులో ప్రసారము చేయవలెను. అభిమానులు ఇంటనుండి చూడవలెను. జి. బి. హెచ్. అను ప్రజాప్రసార కేంద్రము అందుకు సమ్మతించినది.

ఈ ఏర్పాటు బోస్టను చేరువరకు బ్రౌన్‌కు తెలియదు. తెలిసినంతనే మండిపడినాడు. న్యూయార్కులో వేరొక టెలివిజను కార్యక్రమమునకు ఆయన ఒప్పందము చేసికొనియుండెను. ఆ ఒప్పందము ప్రకారము మరొకచోట ప్రసారము కారాదు. ఇంతలో ప్రసార వార్త పొక్కి, జనము టిక్కెట్లు తిరిగి ఇచ్చివేయుటకు వరుసలు కట్టినారు. నష్టమునకు పరిహారముగా ఆయన 60,000 డాలర్లు కోరినాడు. మేయరు మాట ఇచ్చినాడు. ఆ మొత్తము పూర్తిగా ముట్టలేదని తరువాత వివాదము నడచినది. ఒక మహాపురుషుని మరణదినమున డబ్బు లెక్కలేమి అని మనకు తోచవచ్చును. కాని ఆయన బృందములో జీతముల మీద బ్రతుకువారు పలువురు. నగరము తన శాంతికొరకు ఒక కళాకారుని కూలిని అడిగినపుడు, ఆ కూలి ఎంత అని అతడు ప్రశ్నించుట అన్యాయము కాదు.

ఆ రాత్రి మందిరములోనికి వచ్చినవారు సుమారు 2,000 మంది. పదునాలుగు వేల మంది పట్టు చోట అది బోసిపోయిన సభ. కేకకు బదులు కేక వచ్చుటలోనే బ్రతుకు సంగీతమునకు ఇంతకన్న పరీక్ష ఏమి గలదు? మేయరు వేదిక యెక్కి, ఆట్కిన్స్ ప్రక్కన, కింగ్ ఆశయమును తలచుకొని నగరమును శాంతముగా ఉంచుకొందమని కోరినాడు. బ్రౌన్ మేయరును తన సభకు తన బాణీలో పరిచయము చేసినాడు. ఆ పరిచయమునకు సభ కరతాళధ్వనులు చేసినది. అంతవరకు ఆ ప్రేక్షకులకు మేయరు ఎవరో, వారెవరో మేయరునకు అంతకంటె తెలియదు. అటుపిమ్మట వాద్యములు మొదలైనవి.

సభ చివరి ఘట్టములో, బ్రౌన్ పాడుచుండగా ఒక యువకుడు వేదికపైకి ఎగబ్రాకినాడు. పోలీసులు వానిని క్రిందికి నెట్టినారు. మరొకడు ఎక్కినాడు, మరి కొందరు ఎక్కినారు. తెల్లజాతి పోలీసులు, నల్లజాతి యువకులు, వేదికపై ఒకరినొకరు నెట్టుకొను స్థితి. నగరమంతయు ఇండ్లలో దానిని చూచుచున్నది. అంతకుముందు రాత్రి ఇతర నగరములలో దీనికంటె చిన్న కారణమునకే నిప్పంటుకొన్నది. బ్రౌన్ పాట ఆపినాడు. ముందుగా పోలీసులను వెనుకకు తగ్గుమన్నాడు. తనకేమియు భయము లేదన్నాడు. అప్పుడు యువకులు ఆయన చుట్టును మూగి చేతులు కలుపనారంభించినారు. ఆయన గద్దించినాడు, బుజ్జగించినాడు. మనమందరము ఒకటే కాదా, మన పరువు మనము నిలుపుకొనవలదా, నన్ను పాడనీయరా అను భావమున మాటలాడినాడు. ఒకరి వెంట ఒకరు దిగిపోయినారు. బృందమువైపు తిరిగి సంజ్ఞ చేసినాడు. మొదటి దెబ్బ పడినది. పాట ఆగినచోటనే మరల అందుకొన్నది.

ఆ రెండు మూడు నిముషములు సంగీతము కావు. అయినను బ్రౌన్ సభలన్నింటిలోను వానికి మించినవి లేవని మా అభిప్రాయము. వేదికపై ఎక్కిన యువకుడు శత్రువుగా రాలేదు. తాను ప్రేమించిన గాయకుని చేయి తాకుటకు వచ్చినాడు. పోలీసువానికి అది దండయాత్రగా కనబడినది. బ్రౌన్‌కు అది అపోలోలో వృద్ధురాలు వేసిన కేక వంటిదని తెలియును. తన సభ తనకు తెలిసినవాడు గనుక, కేకను దోషమని ఎన్నడును అనుకొననివాడు గనుక, ఆయన వారికి మాట చెప్పగలిగినాడు. వారును ఆయన మాట వినినారు. ఏండ్ల తరబడి గాయకుడును అభిమానులును ఒకరికొకరు బదులు పలుకుచు కూడబెట్టుకొన్న నమ్మకము ఆ నిముషములలో ఖర్చైనది. అట్టి నిలువ లేని గాయకుడు ఆ స్థానములో నిలిచియుండిన యెడల ఏమి జరిగియుండునో ఊహింపవచ్చును.

సభ ముగిసినవెంటనే టెలివిజను కేంద్రమువారు దానిని మొదటినుండి మరల ప్రసారము చేసినారు. ఆ రాత్రి బోస్టను చాలవరకు ప్రశాంతముగా గడచినది. జేమ్స్ బ్రౌన్ బోస్టనును కాపాడినాడని తరువాత ఒక వాడుక పుట్టినది. 2008లో ఆ పేరుతో ఒక చలనచిత్రము కూడ వెలువడినది. చరిత్ర వ్రాయువారు ఇచట కొంచెము ఆగవలెను. ఆ రాత్రి రాక్స్‌బరీ వీధులలో తిరిగి యువకులకు నచ్చజెప్పిన పేట పెద్దలు, కార్యకర్తలు పలువురు. వారు తెరపై కనబడలేదు. సలహా ఆట్కిన్స్‌ది. అన్నిటికి మించి, టిక్కెట్టు తిరిగి యిచ్చి ఇంటనే కూర్చున్న అభిమానులు వేలమంది. ఆ రాత్రి ఎదుట నిలిచి కేక వేయు తమ వంతును వారు వదులుకొన్నారు. నగరము నిలిచినదన్న అందులో వారి త్యాగమును లెక్కవేయవలెను.

అదే యేటి వేసవి చివర బ్రౌన్ నలుపు తమకు గర్వకారణమని చాటు పాటను వెలువరించినాడు. అందులో పిల్లల బృందమొకటి ఆయన మాటకు బదులు పలుకును. సభ వంతు ఇపుడు పాట నిర్మాణములోనే ఒక భాగమైనది. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసా నగరములో జరిగిన సంగీతోత్సవమునను ఆయన పాడినాడు. జీవితమంతయు ప్రశంసార్హమని మేము చెప్పము. స్త్రీలపై ఆయన దౌర్జన్యము చేసినట్లు నేరారోపణలు పలుమారులు వచ్చినవి. 1988లో కారాగారశిక్ష పడి 1991లో విడుదలైనాడు. సభలోని ప్రేమ ఇంటిలోని తప్పును కడుగదు. రెండును చరిత్రలో ఉండవలసినవే.

2006 డిసెంబరు 25వ తేదీన అట్లాంటా నగరములో బ్రౌన్ మరణించినాడు. డిసెంబరు 28వ తేదీన ఆయన భౌతికకాయమును గుఱ్ఱపుబండిలో హార్లెమ్ వీధులగుండ అపోలోకు తీసికొనివచ్చి, ఆయన పాడిన వేదికపైననే ఉంచినారు. చలిలో వేలమంది గంటలకొలది వరుసలో నిలిచినారు. వీధిలో ఆయన పాటలు మ్రోగుచుండ, వరుసలోనివారు పాడినారు, ఆడినారు.

మా వృత్తిలోనివారు ఈ చరిత్ర నుండి నేర్వవలసినది యొకటి గలదు. సభనుండి ప్రసారము చేయునపుడు ఒక మైక్రోఫోనును గాయకునికి, ఒకదానిని శ్రోతలకు ఉంచుట నేడు అలవాటైనది. ఆ రెండవదాని ధ్వనిని ఎంత తగ్గింతమా అని మా చేయి ఎల్లప్పుడును మీటమీదకు పోవుచుండును. తగ్గించుటకు ముందు, ఆ కేక పాటను చెరచుచున్నదా, నడుపుచున్నదా అని ఒక క్షణము వినవలెను. శ్రోతలును, ఆ 1962 నాటి రికార్డు ఎపుడైనను చేతికి చిక్కినచో, మొదటి మారు గాయకుని వినుడు. రెండవ మారు ఆయనను విడిచి, వెనుక చీకటిలో కూర్చున్నవారిని మాత్రము వినుడు. వారు ఎచట మౌనము వహించినారో, ఎచట ఆగలేక అరచినారో గమనింపుడు. పాట ఎవరిదో అప్పుడు మీకే తెలియును.